మూడు చుట్ల తాడు

ఒక కొసన ముడి, ఇంకో కొసన పట్టుకోడానికి చెక్కముక్క, మధ్యలో రెండున్నర మూరల తాడు. చిన్న ఇంజన్ని స్టార్టు చెయ్యాలంటే దాని పుల్లీ గాట్లో ముడి ఇరికించి, మూడు చుట్లు చుట్టి, ఎడమ కాలు ఇంజను బేసు మీద ఆనించి ఒక్క ఊపున లాగాలి. లాగాక తాడు ఊడి చేతికొచ్చేస్తుంది. ఇంజను అందుకుంటే సరే. అందుకోకపోతే మళ్లీ ముడి, మళ్లీ మూడు చుట్లు. వెనకాల నిలబడి చోద్యం చూసే పిల్లలకి ఆ తాడు కొస చెళ్లుమని తగలడం అప్పట్లో మామూలే.

80లు, 90ల్లో మన జిల్లాల్లో ఈ చిన్న ఇంజన్ల చప్పుడు వినపడని చోటు తక్కువ. కాలవ గట్టు మీద రెండు మూడు హార్స్‌పవర్ల కిరసనాయిలు ఇంజను నీళ్లు తోడేది. పెళ్లి ఊరేగింపులో ట్యూబులైట్లు మోసేవాళ్ల వెనకాల రిక్షాలో జనరేటరు వచ్చేది. టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చి రాత్రికి మూడు సినిమాలు వేసేటప్పుడు దాని చప్పుడు వినపడకుండా జనరేటర్ని ఎక్కడో గోడ అవతల పెట్టేవాళ్లు. కరెంటు కోత వేళకి బజార్లో కొట్టు కొట్టుకీ మెట్ల మీద ఒకటి తేలేది. పత్తి చేలల్లో మనిషి వీపు మీద స్ప్రేయరు గీపెట్టేది. అన్నీ నమ్మకమైన ఇంజన్లే. ఒకసారి అందుకున్నాక గంటల తరబడి నడిచేవి. అందుకోవడం దగ్గరే పేచీ.

ఊరేగింపు మధ్యలో జనరేటరు ఆగిందంటే చుట్టూ ఉన్నవాళ్లందరూ మెకానిక్కులే. "చోక్ వెయ్యి" అని ఒకడు, "చోక్ తియ్యరా ముందు" అని ఇంకొకడు, "ప్లగ్గు కొట్టేసింది బాబాయ్" అని మూడోవాడు. ఇరవైసార్లు తాడు లాగి చెమటలు కక్కిన తర్వాత గానీ ప్లగ్గుని (సిలిండర్లో నిప్పురవ్వ పుట్టించేది) ఊడదీసే పానా బయటికి వచ్చేది కాదు. నిజానికి ఆ పానా మొదటి ఐదు లాగుళ్లలోనే రావాలి. ఐదుకి అందుకోని ఇంజను యాభైకి అందుకోదు. పైగా లాగిన ప్రతిసారీ లోపల ఇంకాస్త పెట్రోలు చేరి, ఉన్న జబ్బుకి ఇంకో జబ్బు తోడవుతుంది.

ఆ రోజుల ఇంజన్ల గురించి చెప్పుకోవాల్సిన మొదటి సంగతి ఆ ఇత్తడి కాక్, అంటే ట్యాంకు కింద తిప్పే చిన్న కుళాయి. కిరసనాయిలు ఇంజనుకి ట్యాంకు రెండు గదులుగా ఉండేది. పెద్ద గదిలో కిరసనాయిలు, అరలీటరు కూడా పట్టని చిన్న గదిలో పెట్రోలు. కాక్ ఒకవైపు తిప్పితే పెట్రోలు, ఇంకోవైపు తిప్పితే కిరసనాయిలు, మధ్యలో పెడితే రెండూ బంద్. పెట్రోలు మీద స్టార్టు చేసి, రెండు మూడు నిమిషాలు నడిపి, సిలిండరు రెక్కల దగ్గర చెయ్యి పెడితే వేడి కొట్టేదాకా ఆగి, అప్పుడు కిరసనాయిలుకి మార్చాలి. ఎందుకంటే మంటకి అందేంత ఆవిరి కిరసనాయిలు నుంచి రావాలంటే అది 35, 40 డిగ్రీలు దాటాలి. పెట్రోలు ఎంత చలిలోనైనా ఆ పని చేస్తుంది. చల్లటి ఇంజన్లో కిరసనాయిలు తుంపరగా వెళ్లి తుంపరగానే గోడలకి అంటుకుంటుంది. మంట పుట్టదు.

ఇది అందరికీ తెలుసు. చాలామంది చేసిన తప్పు సాయంత్రంపూట. ఆపేముందు కాక్‌ని మళ్లీ పెట్రోలుకి తిప్పి రెండు నిమిషాలు నడపాలి. కార్బరేటరు (నూనెని గాలితో కలిపి ఇంజనుకి పంపే భాగం) గిన్నెలో ఉన్న కిరసనాయిలంతా కాలిపోయి పెట్రోలు చేరాలి. పెట్రోలు ఖరీదు, కిరసనాయిలు చవక. అందుకని కిరసనాయిలు మీదే టప్పున ఆపేసి ఇంటికొచ్చేవాళ్లు. పొద్దున్నే కాక్ పెట్రోలుకి తిప్పుతారు, కానీ గిన్నె నిండా రాత్రి కిరసనాయిలు. కొత్తగా పెట్రోలు వెళ్లడానికి చోటేదీ? తాడు లాగితే లోపలికి పోయేది కిరసనాయిలే. ప్లగ్గు దానితో తడిసిందంటే తర్వాత పెట్రోలు వచ్చినా నిప్పురవ్వ రాదు. పొదుపు చేసిన రెండు చెంచాల పెట్రోలుకి గంటసేపు కూలి మనుషులు గట్టు మీద కూర్చునేవాళ్లు.

దీనికి మందు తేలికే. గిన్నె అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. కాక్ పెట్రోలు వైపు పెట్టి, ఆ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి కారనివ్వాలి. ఎంతసేపు? కారే చుక్కని వేళ్ల మధ్య రాసి చూడాలి. పెట్రోలైతే చల్లగా తగిలి, ఊదేలోపు ఆరిపోతుంది. కిరసనాయిలైతే జిడ్డుగా అలాగే ఉంటుంది. జిడ్డు పోయి చల్లదనం తగలగానే స్క్రూ బిగించాలి. రేషన్ నీలం కిరసనాయిలైతే రంగే చెప్పేసేది. తెల్లదైతే వేలే గతి. ఆ తర్వాత ప్లగ్గు ఊడదీసి, ఆరబెట్టి, ప్లగ్గు కన్నం తెరిచి ఉండగానే నాలుగైదు సార్లు తాడు లాగితే సిలిండర్లో పేరుకున్నది చిమ్ముకుంటూ బయటికి వచ్చేస్తుంది. ఆ చిమ్మేటప్పుడు బీడీ నోట్లో ఉన్నవాణ్ని దూరంగా తరమాలి.

కిరసనాయిలు ఇంకో దొంగపని చేసేది. సరిగ్గా కాలనిది పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజనాయిల్లో కలిసేది. గేజి పుల్ల తీసి చూస్తే ఆయిలు తగ్గకపోగా పెరిగి కనిపించేది. "మా ఇంజను ఆయిలు తాగదు" అని మురిసిపోయినవాళ్లు ఉన్నారు! వాసన చూస్తే గుట్టు తెలిసేది. పల్చబడిన ఆయిలు బేరింగుల్ని, రింగుల్ని అరగదీస్తుంది, రింగులు అరిగితే కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే బిగుతు) తగ్గుతుంది, కంప్రెషన్ తగ్గితే పొద్దున్నే స్టార్టవ్వదు. పెట్రోలు ఇంజనుకి 100 గంటలకి మార్చే ఆయిలు, కిరసనాయిలు ఇంజనుకి 50 గంటలకే మార్చాలనేది అందుకే. పెట్రోలు మీద వేడెక్కకుండానే తొందరపడి కాక్ మార్చేవాళ్ల ఇంజనుకైతే అదీ ఎక్కువే.

ఇక ప్లగ్గు. అప్పట్లో ప్లగ్గంటే మైకో. 1951లో మొదలైన ఆ బెంగుళూరు కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకుంది గానీ, పాతవాళ్ల నోట్లో ఇప్పటికీ మైకోయే. ప్లగ్గు ఊడదీయగానే మొదట చూడాల్సింది దాని ముఖం. పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు. వెతుకులాట ట్యాంకు నుంచి కార్బరేటరు దాకా. తడిగా పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు వస్తోంది, కరెంటే రావట్లేదు, లేదా పెట్రోలు ఎక్కువైంది. కాఫీ పొడి రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి నల్లగా పట్టి ఉంటే చోక్ తియ్యకుండా నడిపారు, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. నల్లగా జిడ్డుగా మెరుస్తుంటే, పెట్రోల్లోనే ఆయిలు కలిపే టూ స్ట్రోకులో ఆయిలు ఎక్కువ కలిపారు, ఫోర్ స్ట్రోకులో రింగులు అరిగాయి. ఈ ఒక్క చూపుతోనే సగం వైద్యం తేలిపోతుంది. అయినా తాడు లాగడం మీద ఉన్న మోజు చూడటం మీద ఉండేది కాదు.

కరెంటు వస్తోందా చూడ్డానికి ప్లగ్గుకి క్యాప్ తగిలించి, మరలున్న ఇనప భాగాన్ని సిలిండరు రెక్కలకి ఆనించి తాడు లాగాలి. ప్లగ్గు కన్నానికి దూరంగా పెట్టాలి. కన్నంలోంచి చిమ్మే పెట్రోలు ఆవిరి ఆ రవ్వకే భగ్గుమంటుంది. నీలంగా, టిక్ టిక్ మని చప్పుడు చేసే రవ్వ మంచిది. పసుప్పచ్చగా సన్నగా వచ్చేది బయట కనిపించినా, లోపల కంప్రెషన్లో కొట్టలేదు. ఇది చాలామందిని మోసం చేసేది. "కరెంటు ఉందిగా" అనేసి కార్బరేటరు విప్పి కూర్చునేవాళ్లు.

ప్లగ్గు మూతి దగ్గర రవ్వ దూకే గ్యాపు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. సందు కొలిచే ఫీలర్ గేజి కొనే స్తోమత ఏ చెట్టు కింద మెకానిక్కికీ ఉండేది కాదు. హ్యాక్సా బ్లేడు ముక్క ఉండేది. ఆ రేకు మందం సుమారు 0.63 మిల్లీమీటర్లు, సరిగ్గా ప్లగ్గు గ్యాపుకి చేసినట్టు. పళ్లవైపు కాకుండా వీపువైపు దూర్చాలి, పళ్లు అటూ ఇటూ ఒంగి ఉంటాయి కాబట్టి. గ్యాపు తగ్గించడానికి ఎర్త్ కొక్కెం మీద మెల్లగా తట్టాలి, మధ్య పుల్లని మాత్రం ముట్టుకోకూడదు. దాన్ని వంచబోతే పింగాణీ చిట్లుతుంది. చిట్లిన ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు రవ్వ ఇచ్చి, వేడెక్కగానే చచ్చిపోతుంది. దాన్ని పట్టుకోడానికి రోజంతా పడుతుంది.

తడిసిన ప్లగ్గుని పొయ్యి మంట మీద వేడి చేసి, వేడి వేడిగా గుడ్డ పీలికతో పట్టుకుని బిగించడం ఊరూరా తెలిసిన చిట్కా. పని చేస్తుంది. వేడికి కిరసనాయిలు పొర ఎగిరిపోతుంది. అలాగని పూర్తిగా బిగించెయ్యకూడదు. కొత్త ప్లగ్గైతే చేత్తో బిగించి పానాతో అరచుట్టు, పాతదైతే పావుచుట్టు చాలు. అల్యూమినియం హెడ్డు మరలు తినేస్తే ఇంజను కంటే ఖరీదైన కథ అవుతుంది. ఇంకో మాట: ప్లగ్గు మీది అంకె. కొత్త బాష్ లెక్కలో అంకె పెరిగితే వేడి ప్లగ్గు (వేడిని తనలో ఎక్కువ నిలుపుకునేది), ఎన్‌జీకే లెక్కలో అంకె పెరిగితే చల్ల ప్లగ్గు. ఒకదాని బదులు ఇంకోటి అదే అంకెతో ఇచ్చే కొట్టువాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మర పొడుగు కూడా అంతే. అరంగుళం మర ఉండాల్సిన చోట ముప్పావు అంగుళానిది పెడితే పిస్టన్ వచ్చి దాని మూతి పగలగొడుతుంది.

ఫ్లైవీలు (ఇంజనుతో తిరిగే బరువైన చక్రం) కింద పాయింట్లు, కండెన్సరు. రవ్వ పుట్టే వేళకి తెరుచుకునే జంట బిళ్లలు పాయింట్లు, అవి కాలిపోకుండా కాచేది కండెన్సరు. ఈ మాటలు ఇప్పటి కుర్రాళ్లకి చెబితే నవ్వుతారు. పాయింట్ల మధ్య 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. గడ్డం గీసుకునే బ్లేడు మందం 0.1. నాలుగు కలిపితే లెక్క సరిపోతుంది. వానాకాలంలో పాయింట్ల మీద సన్నటి పొర పట్టేది. ఎమరీ కాగితంతో గీకి, అంతటితో వదిలేస్తే ఆ పొడి మధ్యలో ఉండిపోయి మళ్లీ కరెంటు ఆగేది. గీకిన తర్వాత శుభ్రమైన తెల్లకాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి, మూసి, బయటికి లాగాలి. కాగితం మీద నల్లటి గీత పడుతుంది. గీత పడనంతవరకు కాగితం మార్చి లాగుతూనే ఉండాలి. పాయింట్లు పదే పదే నీలంగా కాలిపోతున్నా, ఒకదాని మీద గుట్ట, ఎదురుగా గుంట ఏర్పడుతున్నా తప్పు కండెన్సరుది. అది మార్చకుండా పాయింట్లు ఎన్నిసార్లు గీకినా వారం రోజుల ముచ్చటే.

ప్లగ్గుకి కరెంటు పంపే ఎలక్ట్రానిక్ కాయిల్ వచ్చాక ఆ గీకుడు పోయింది. దానితోపాటు బాగుచేసే అవకాశమూ పోయింది. కాయిల్ ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. మిగిలిన సెట్టింగు ఒకటే, కాయిల్‌కి ఫ్లైవీలుకి మధ్య ఎడం. విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి, ఫ్లైవీలు అయస్కాంతం కాయిల్‌ని పట్టుకున్నాక స్క్రూలు బిగించి, కార్డు లాగేయడమే. 0.3 అటూ ఇటూగా వస్తుంది. తుప్పు పట్టిన అయస్కాంతం ముఖాన్ని ముందు ఎమరీతో రుద్దడం మరవకూడదు.

కరెంటు రాకపోతే కాయిల్‌ని అనుమానించే ముందు ఆపే స్విచ్చు తీగని చూడాలి. స్ప్రేయర్లలో ఇది మరీ ఎక్కువ. వీపుకి తగిలించుకునే ఫ్రేముకి రాసుకుని రాసుకుని ఆ సన్నటి తీగ పైపొర ఊడిపోయి ఇనుముకి తగిలేది. స్విచ్చు ఆఫ్‌లో ఉన్నట్టే లెక్క. కాయిల్ దగ్గర ఆ తీగ పీకేసి ఒకసారి లాగి చూడాలి. రవ్వ వస్తే కాయిల్ డబ్బులు మిగిలినట్టే. అలా పీకి నడిపినప్పుడు ఆపడానికి స్విచ్చు పనిచేయదు, చోక్ వేసి ఊపిరాడకుండా చేసి ఆపాలి.

ఆ స్ప్రేయర్ల సంగతి వేరే. 80ల మధ్యలో గుంటూరు, ప్రకాశం పత్తిని తెల్లదోమ చుట్టుముట్టినప్పుడు చేత్తో కొట్టే పంపులు చాలక వీపు స్ప్రేయర్ల గిరాకీ పెరిగింది. 35 సీసీ టూ స్ట్రోకు ఇంజను, పైన మందు డబ్బా, చేతిలో ఏనుగు తొండంలాంటి గొట్టం. తర్వాత 26 సీసీవి వచ్చాయి. ఇప్పటికీ మన రైతులు వాటిని తైవాన్ స్ప్రేయరనే అంటారు, ఏ దేశంలో చేసినా సరే. వీటికి ఆయిలు సంపు ఉండదు, పెట్రోల్లో కలిపిందే ఆయిలు. పాత ఇంజన్లకి లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్లు, అంటే 25కి ఒకటి. ఇప్పటివాటికి మంచి టూటీ (టూ స్ట్రోకు) ఆయిలుతో 20 నుంచి 25 చాలు. సీసా మూత కొలత మీద, కంటి అందాజు మీద కలిపేవాళ్లే ఎక్కువ. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుందన్న భయంతో ఓ మూత ఎక్కువే పడేది. ఫలితం ప్లగ్గు మీద జిడ్డు, సైలెన్సరులో మసి. సిలిండరు నుంచి పొగ బయటికి పోయే కన్నం మసితో సగానికి పైగా మూసుకుపోతే, పొగ పోనిదే కొత్త గాలి రాదు కదా, ఇంజను పట్టుకున్నట్టే పట్టుకుని చచ్చిపోతుంది. సైలెన్సరు విప్పి, పిస్టన్ పైకి తెచ్చి ఆ కన్నాన్ని మూసేలా పెట్టి, చెక్కపుల్లతో మసి గీకాలి. స్క్రూ డ్రైవరుతో గీకితే పిస్టన్ మీద గీతలు పడతాయి.

ఇంకో జబ్బు పంటలు లేని కాలంలో మొదలవుతుంది. ఆఖరి పిచికారీ అయ్యాక ట్యాంకులో పెట్రోలు ఉంచి గోనెసంచి కప్పి మూల పడేసేవాళ్లు. కార్బరేటర్లోని పెట్రోలు ఆవిరైపోతుంది, కలిపిన ఆయిలు మిగులుతుంది. అది ముదిరి బంకలా జెట్లని, అంటే పెట్రోలు వచ్చే సన్నటి కన్నాల్ని, మూసేస్తుంది. నాలుగు నెలల తర్వాత తాడు లాగితే చోక్ వేసినప్పుడు అందుకుంటుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. ఈ లక్షణం కనిపించిందంటే వేరే ఆలోచన అక్కర్లేదు, చిన్న జెట్టు మూసుకుపోయింది, లేదా ఇంజను ఎక్కడో అదనంగా గాలి పీలుస్తోంది. చోక్ గాలిని ఆపి పెట్రోల్ని బలవంతంగా లాగుతుంది కాబట్టి అది ఉన్నంతసేపే బతుకు. చిన్న జెట్టు కన్నం 0.4 మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని సూదితో పొడిస్తే కన్నం పెద్దదై ఇంజను పెట్రోలు తాగడం మొదలుపెడుతుంది. కరెంటు వైరు వలిచి అందులోంచి ఒక్క రాగి పోగు తీసి, దానితో సున్నితంగా తోసి, నోటితో కాకుండా సైకిలు పంపుతో ఊదాలి. జెట్టుని ఆకాశం వైపు పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తే గుండ్రంగా వెలుతురు చుక్క కనిపించాలి. అండాకారంగా కనిపించినా ఇంకా బంక ఉన్నట్టే.

గాలి పీల్చడం కనిపెట్టడానికి కార్బరేటరుకి సిలిండరుకి మధ్య ప్యాకింగు దగ్గర, ఇంజను నడుస్తుండగా సబ్బు నీళ్లు నాలుగు చుక్కలు వేస్తే చాలు. చప్పుడు మారితే అక్కడే. టూ స్ట్రోకులో క్రాంకు రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు కూడా గాలి పీలుస్తాయి. చల్లగా ఉన్నప్పుడు పట్టుకుని, వేడెక్కాక ఆపితే మళ్లీ పట్టుకోని స్ప్రేయరుకి ఈ సీళ్లనే ముందు అనుమానించాలి.

పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, పది నిమిషాలు ఆగితే మళ్లీ నడిచే ఇంజను చాలామందికి దెయ్యం పట్టినట్టు అనిపించేది. ట్యాంకు మూత వదులు చేస్తే దెయ్యం వదిలిపోయేది. మూతలో వెంట్రుకంత కన్నం ఒకటుంటుంది, పెట్రోలు దిగినంత గాలి లోపలికి రావడానికి. దుమ్ముతోనో, మట్టిగూడు కట్టే కందిరీగ పుణ్యానో అది మూసుకుపోతే పెట్రోలు దిగడం ఆగిపోతుంది. మూత తీసినప్పుడు ఉస్సుమని చప్పుడొస్తే రోగం అదే.

మే నెల ఎండలో వేరే కథ. నడుస్తున్న ఇంజన్ని భోజనానికి ఆపి, అరగంట తర్వాత లాగితే అందుకోదు. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బుడగ కడుతుంది. కార్బరేటరు మీద, పెట్రోలు గొట్టం మీద తడిగుడ్డ వేసి ఓపిక పడితే దిగుతుంది. తడిగుడ్డ సిలిండరు రెక్కల మీద వెయ్యకూడదు. కాలుతున్న రెక్కల మీద నీళ్లు పడితే పగుళ్లిస్తాయి. చోక్ వేసి లాగడం ఇంకా తప్పు. వేడి ఇంజనుకి చోక్ అక్కర్లేదు.

కరెంటు ఉండి, పెట్రోలు ఉండి, అయినా అందుకోకపోతే కంప్రెషన్. తాడుని నెమ్మదిగా లాగితే ఒకచోట చేతికి గట్టిగా తట్టుకోవాలి. వెన్నలో కత్తి దిగినట్టు పోతుంటే లోపల ఏదో పోయింది. ప్లగ్గు కన్నంలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ లాగితే బిగుతు తిరిగొచ్చిందా, రింగులు అరిగాయి. రాలేదా, ఫోర్ స్ట్రోకులో వాల్వులు కూర్చోవట్లేదు, లేదా హెడ్ ప్యాకింగు పోయింది. వాల్వు క్లియరెన్సు (వాల్వు కాలి చివర ఉండాల్సిన ఎడం) మరీ తగ్గితే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇప్పుడు కలుపు తీసే వీడర్ల మీద ఎక్కువగా కనిపించే హోండా జీఎక్స్ 160కి ఈ ఎడం ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అప్పటి ఇంజన్లకి ఈ సెట్టింగు చేయాలంటే వాల్వు తీసి దాని కాలు ఆకురాయి మీద రుద్దాల్సి వచ్చేది. అంత ఓపిక ఉన్న మేస్త్రీ తాలూకాకి ఒకరో ఇద్దరో.

తాడు లాగితే వెనక్కి తన్నే ఇంజను ఉండేది ఒకటి, చేతి కీలు ఊడొచ్చేట్టు. అందుకే తాడు చెయ్యికి చుట్టుకోకూడదనేవాళ్లు, చెక్కముక్కే పట్టుకోవాలి. తన్నుడుకి కారణం ఫ్లైవీలు కింద ఉండే అర్ధచంద్రాకారపు కీ ముక్క. అది సగం తెగి ఫ్లైవీలు కాస్త పక్కకి జరిగితే నిప్పు రావాల్సిన వేళకి రాదు. బయటికి అన్నీ బాగానే కనిపిస్తాయి, రవ్వ నీలంగానే వస్తుంది. నట్టు సరిగ్గా బిగించకపోతేనో, వీడరు పళ్లు రాయికి కొట్టుకుని ఇంజను ఒక్కసారి ఆగిపోతేనో ఇలా అవుతుంది.

ఇప్పటి ఇంజన్లకి తాడు లోపలే చుట్టుకుంటుంది, కాక్ ప్లాస్టిక్కు, కిరసనాయిలు గది లేదు. కొత్త పేచీలు వచ్చాయి. ఆయిలు తగ్గితే కరెంటు ఆపేసే సెన్సరు ఒకటి. గట్టు మీద ఇంజను వాలుగా పెడితే ఆయిలు ఉన్నా లేదనుకుని స్టార్టవ్వనివ్వదు. చదునుగా పెట్టి, ఆయిలు పుల్ల చూసి అప్పుడు లాగాలి. గడ్డి కోసే మిషన్లకి కార్బరేటర్లో గిన్నె బదులు పల్చటి డయాఫ్రం (సాగే పొర) ఉంటుంది. పెట్రోల్ని ముందుగా లాగే ప్రైమర్ బుడగని ఏడెనిమిది సార్లు నొక్కినా అందులో గాలి బుడగలు ఆగకపోతే గొట్టం చిట్లింది, లేదా ట్యాంకులో వేలాడే ఫిల్టరు పెట్రోల్లో మునగట్లేదు. బుడగ నొక్కితే గట్టిగా తిరగబడుతుంటే ఫిల్టరు మూసుకుపోయింది.

దాని మీద ఇథనాల్. 20 శాతం కలిపిన పెట్రోలు 2023లో బంకుల్లోకి రావడం మొదలై ఇప్పుడు అంతటా అదే. ఇథనాలు గాల్లో తేమని లాక్కుంటుంది. ఎక్కువ నీరు చేరితే పెట్రోలు నుంచి విడిపోయి అడుగున దిగుతుంది, ఇంజను మొదట పీల్చేది ఆ అడుగుదే. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రములు దానికి ఉబ్బి గట్టిపడతాయి. ఒకప్పుడు మూణ్ణెల్లు మూల పడేసినా చెల్లేది, ఇప్పుడు నెల దాటిన పెట్రోలుని బండిలో పోసుకుని, ఇంజనుకి కొత్తది పోయడం మేలు. అమెరికాలో మనవాళ్లు ఏప్రిల్లో లాన్ మోవర్ బయటికి తీసి అరగంట తాడు లాగేదీ దీనివల్లే. అక్కడ పెట్రోల్లో ఇథనాలు ఎప్పటినుంచో పది శాతం ఉంది, చలికాలమంతా మిషను గరాజులో పడి ఉంటుంది.

కాలవ గట్టు మీద చీకటి పడేవేళ పద్ధతిగా ఆపేవాళ్లని చూస్తే ముచ్చటేసేది. నీళ్ల పైపు దించేవాళ్లు. కాక్ పెట్రోలుకి తిప్పేవాళ్లు. పొగ వాసన మారేదాకా ఆగి, కాక్ మధ్యలోకి తెచ్చి, గిన్నెలో ఉన్నది ఖాళీ అయ్యేదాకా ఇంజన్ని నడవనిచ్చేవాళ్లు. చప్పుడు ఒకసారి పైకి ఎగసి, దగ్గి, ఆగేది. అప్పుడు పుల్లీకి తాడు ఒక చుట్టు వేసి నెమ్మదిగా, చేతికి బిగుతు తగిలేదాకా లాగి వదిలేవాళ్లు. అక్కడ వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, రాత్రి మంచు లోపలికి దిగదు. కొందరు ప్లగ్గు క్యాపు కూడా ఊడదీసేవాళ్లు. తాడు మాత్రం అందరూ వెంట తెచ్చుకునేవాళ్లు, అది లేకపోతే ఆ ఇంజను ఇంకొకడికి పనికిరాదు కదా. ఇంటికొచ్చాక దాన్ని తగిలించే మేకు వేరుగా ఉండేది, వసారాలో, చొక్కా మేకు పక్కనే. ఆ గోడ మీద కిరసనాయిలు మరక ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలేది.